పసుపు లిల్లీ పిలక

పెరట్లో పెద్దకోడలు చిన్న పారతో పసుపు డే లిల్లీ దుబ్బును విడదీస్తోంది. చిన్నకోడలు ఖాళీ కుండీ పట్టుకుని పక్కనే నిలబడింది.

"అక్కా, నాకో పిలక ఇవ్వవూ. ఇంత చిన్న పూల పాత రకం ఇప్పుడు నర్సరీల్లో దొరకట్లేదు."

"చూద్దాంలే. అత్తయ్య ఉన్నన్నాళ్ళూ దీన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. నిన్నైతే దగ్గరికే రానిచ్చేవారు కాదు."

"అవును, ఇవాళే దగ్గర్నుంచి చూస్తున్నా. రేకు వెనక ఈ గోధుమరంగు గీత, అచ్చం మా పుట్టింట్లో దానిలాగే ఉంది. ఓ రోజు అందులో సగం దుబ్బు మాయమైపోయింది. అమ్మ వెళ్ళి పక్కింటి పిన్నిగారి మీద పడింది. ఇప్పటికీ ఇద్దరికీ మాటల్లేవు."

"ఎప్పుడు పోయింది?"

"మీరంతా రెండోసారి వచ్చి, సంబంధం ఖాయం చేసుకున్న రోజే. ఆ సందడిలో ఎవరు చూస్తారు?"

"కుండీ ఇటివ్వు. రెండు పిలకలు పెడతాను."

"ఇందాక ఒకటివ్వడానికే చూద్దాంలే అన్నావు."

"రెండోది ఆ పక్కింటి పిన్నిగారికిచ్చెయ్."

"ఆవిడకెందుకు? అక్కా... అత్తయ్యేనా?"

"నేనేమీ అనలేదు. ఈ దుబ్బు నీకంటే కాస్త ముందు ఈ ఇంటికొచ్చింది, అంతే."

"అత్తయ్య నన్ను మళ్ళీ చూడాలని రెండోసారి వచ్చారని, అంతగా నచ్చేశానని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పుకున్నానే."

"నువ్వు మొదటిసారే నచ్చావమ్మా. కాకపోతే ఆ రోజు ఆవిడ సంచి తీసుకెళ్ళలేదు."