వినబడేదాకా

భుజం నొప్పితో జడ కూడా వేసుకోలేకపోతున్న ఆవిడ, ఫిజియోథెరపీ గదిలో ఎత్తుబల్ల మీద వెల్లకిలా పడుకుని ఉంది. వైద్యం చేసే అమ్మాయి పక్కన నిలబడింది.

"పిన్నిగారూ, ఒకసారి ఊపిరి పీల్చండి."

"నొప్పి భుజంలో తల్లీ. ఊపిరితో నీకేం పని?"

"పనుంది. మీ పొట్ట కదలడమే లేదు, భుజాలు ఎగేసి పీలుస్తున్నారు. ఊపిరితిత్తుల కింద ఉండే కండరం చేయాల్సిన చాకిరీ అంతా భుజం నెత్తిన పడింది. నొప్పి పుట్టదా మరి? పైగా మధ్యమధ్య ఊపిరి బిగబట్టేస్తున్నారు."

"అదా... అలవాటైపోయింది."

"అదేం అలవాటండీ!"

"మా ఆయనకి ఆయాసం. పక్క గదిలోంచి ఆయన ఊపిరి వినబడాలంటే నాది ఆపుకోవాలి కదా. కూర కలుపుతూ ఆపేదాన్ని, బట్టలు మడతపెడుతూ ఆపేదాన్ని. ఆయనది వినబడ్డాకే నేను పీల్చుకునేదాన్ని."

"ఇప్పుడెలా ఉన్నారు?"

"పోయి రెండేళ్లవుతోంది."

అమ్మాయి ఆవిడ అరచేతిని తీసి ఆవిడ పొట్ట మీదే పెట్టింది.

"ఇక వినక్కర్లేదు కదమ్మా. నిండా పీల్చండి. ఈ చెయ్యి పైకి లేవాలి."

చెయ్యి లేచింది. ఇంకోసారి లేచింది. మెడ పక్కన బిగుసుకున్న నరాలు కాస్త వదులయ్యాయి. అంతలోనే ఆవిడ ఊపిరి ఆపేసింది.

"ఏమైంది, నొప్పిగా ఉందా?"

"లేదు, హాయిగానే ఉంది."

"మరెందుకు ఆపేశారు?"

"ఆపి ఉన్నంతసేపూ, ఆయనది ఇంకా వినబడలేదంతే అనుకోవచ్చు తల్లీ."