మూత పడింది, మందు పడలేదు

జమ్మలమడుగు ఆసుపత్రిలో చెప్పాపెట్టకుండా లేచి ఇంటికొచ్చిన మొగుడు, కాఫీ కంటే ముందు వేటకొడవలి అందుకున్నాడు. పొట్ట మీద ఇన్సులిన్ పంపు అతికించే ఉంది. పెళ్లాం గోడకానుకుని పెదవి మీది నెత్తురు తుడుచుకుంటోంది.

"ఎవురు చెప్తే చేసినావే? మందు రాకుండా చేసి నన్ను సంపాలనుకుంటివి!"

"ఆ పంపును నన్నెప్పుడన్నా ముట్టుకోనిచ్చినావా మామా? విషం కలుపుతారని మందుగొట్టం నువ్వే పెట్టుకుంటివి."

"గొట్టం నిండుగా ఉంది. ఒంట్లోకి సుక్క పోలేదని డాక్టరే అన్న్యాడు!"

"గొట్టం పంపులోకి సగమే దూరితే మందు యాడ పోతాది? టిక్కుమనేదాకా నొక్కల్ల. నొక్కకున్నా పంపు మూత పడతాది, అదీ దాని దరిద్రం."

"నాకేం టిక్కు వినపల్లేదే!"

"నాటుబాంబులేసి చెవులు పోగొట్టుకున్నోనికి టిక్కు వినపడతాదా? నేను అరిస్తేనే సగం వింటావు."

"అయితే ఆ పంపు చేసినోన్ని నరుకుతా."

"నరుకుదువులే. ఇప్పుడు షుగరు నాలుగొందలుంది. వాకిలి దాటకముందే పడిపోతావు. ముందు గొట్టం ఊడదీసి మళ్లా పెట్టు."

"...ఇదో, పెట్టినా. పడిందా?"

"మూత పడింది. గొట్టం పడలేదు."

"ఇంగోసారి నొక్కినా. ఇప్పుడు?"

"ఊహూఁ."

"కండ్లు తిరుగుతాండాయి. నువ్వే నొక్కే."

"నొక్కుతా. నువ్వు ముందు పోయి ఆ కొడవలి పెరట్లో బాయిలో ఏసి రా మామా. దబ్బుమని నాకు ఈడికి వినపడల్ల."