ఆకుపచ్చ చీటీ ఉన్న డబ్బా

సభాధ్యక్షులు కార్యదర్శి గారికి, కాగితం చూడకుండానే నన్ను ఇంతసేపు పొగిడిన డాక్టరు గారికి, కోచ్‌లకు, వంటమాస్టారికి, ప్రాక్టీసు నుంచి చెమటతోనే వచ్చి కూర్చున్న పిల్లలందరికీ నమస్కారం. ఈ క్రీడా శిక్షణ కేంద్రంలో ముప్పై ఒక్క ఏళ్లు స్టోరు చూసుకున్నాను. ఎదురుగా స్టోరక్క అన్నారు, వెనకాల తాళంకప్ప అన్నారు. (నవ్వులు) నవ్వండి, ఆ పేరు పెట్టిన ఆవిడ మూడో వరసలో తల దించుకుని కూర్చుంది, నేను చూస్తూనే ఉన్నాను.

ఇందాక మెట్ల దగ్గర కార్యదర్శి గారు రెండు ముక్కలు చెప్పి ముగించమన్నారు, బీరువా సంగతి మాత్రం ఎత్తొద్దన్నారు. అయ్యా, మీ మాటా మీ ముందువాళ్ల మాటా ఇన్నేళ్లు విన్నాను. నా ఉద్యోగం ఐదింటితో అయిపోయింది, ఇప్పుడు ఐదుంబావు. (నవ్వులు) కాబట్టి బీరువా సంగతే చెబుతాను.

ఆ బీరువాలో ఉండేవి మీరు తాగే ప్రొటీన్ పొడులు, మింగే విటమిన్ మాత్రలు. ఏ డబ్బా వచ్చినా నేను చూసేది ఒక్కటే. దాన్ని తయారు చేసేవాళ్లూ అమ్మేవాళ్లూ కాక, బయటివాళ్లెవరైనా పరీక్షించారా అని. వాళ్ల జాబితాలో డబ్బా పేరుంటే చాలదు, అడుగున కొట్టిన బ్యాచ్ నంబరు కూడా ఉండాలి. ఉంటే ఆకుపచ్చ చీటీ అంటిస్తాను, లేకపోతే ఎంతటివాళ్లు పంపినా వెనక్కే. నిషేధించిన మందు రవ్వంత కలిసినా డబ్బా మీద ఎవరూ రాయరు, అది తేలేది మీ మూత్రపరీక్షలోనే.

పదకొండేళ్ల కిందట ఇక్కడ ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తే అమ్మాయి ఉండేది. ప్రాక్టీసుకు ఒక్క నిమిషం ఆలస్యంగా రాదు, అందుకని గడియారం అని పిలిచేవాళ్లం. ఎంపిక పోటీల ముందు ఆ పిల్ల పరీక్షలో నిషేధించిన మందు బయటపడింది. రెండేళ్లు పోటీలకు రాకూడదన్నారు. తాగింది మా స్టోరు పొడేనని ఆ పిల్ల మొత్తుకుంటే డబ్బా తెప్పించి చూశారు. ఆకుపచ్చ చీటీ ఉంది, దాని మీది బ్యాచ్ నంబరు జాబితాలో ఉంది, లోపలి పొడిని మాత్రం పరీక్షకు పంపలేదు. ఇంకేం, పిల్లే బయట ఏదో తిందని తేల్చేశారు.

ఆ డబ్బాలో ఉన్నది ఆ బ్యాచ్ పొడి కాదు.

పాత డబ్బా అడుగంటితే కొత్త డబ్బాలోని పొడిని అందులోకే ఒంపేవాళ్లం. కొలత చెంచా దాంట్లోనే ఉండేది, మూత గట్టిది, చీటీ ఎలాగూ అంటించి ఉంది. ఇంట్లో పంచదార డబ్బా నింపుకున్నట్టే. కొత్తదీ అదే కంపెనీ, అదే రంగు, నంబరు మాత్రం వేరు. ఆ నంబరు చూడకుండా ఒంపింది నేనే. ఖాళీ డబ్బా చెత్తలో పారేసిందీ నేనే.



ఫలితం వచ్చిన మర్నాడే అప్పటి పెద్దలకు చెప్పాను. నోరు విప్పితే కేంద్రం మూతపడుతుంది, రెండు వందల మంది పిల్లలు రోడ్డున పడతారు అన్నారు. నోరు మూసుకున్నాను. ఆ రెండు వందల మంది కోసమే అని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం, నా ఉద్యోగం కోసం. ఆ పిల్ల పెట్టె మోసుకుని వెళ్లిపోతూ గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, నువ్వైనా నమ్ము, నేనేం తినలేదు" అంది. నమ్ముతానమ్మా అన్నాను. నమ్మడమేమిటి, నాకు తెలుసు.

కార్యదర్శి గారూ, మైకు తీయించినా నాకు గొంతుంది, కూర్చోండి.

ఇదిగో, ఒక ప్రొటీన్ పొడి కంపెనీవాళ్లు నాకు కానుకగా ఇచ్చిన ఆరు డబ్బాలు. రేపటినుంచి కేంద్రానికి పొడి వీళ్లే ఊరికే ఇస్తారట, అందుకని ఇక చీటీలు అక్కర్లేదట. పరీక్షించబడినది అని బంగారు అక్షరాలతో అచ్చేశారు. ఎవరు పరీక్షించారు? తన పరీక్ష పేపరు తనే దిద్దుకున్నట్టుంది. మధ్యాహ్నం ఈ నంబరు జాబితాలో వెతికాను, లేదు. కంపెనీ ప్రతినిధి గారూ, మీ పొడి చెడ్డదని నేననలేదు. నాకు తెలియదంటున్నాను. తెలియనిది పిల్లల నోట్లో పోయడం ఒకసారి చేశాను, చాలు. (చప్పట్లు)

పిల్లలూ, ఆ చీటీ ఉన్నా పూర్తి భరోసా ఏమీ లేదు, ప్రమాదం తగ్గుతుందంతే. ముందు వంటమాస్టారు పెట్టింది వదలకుండా తినండి. అప్పటికీ కావాలని డాక్టరు గారు చెబితేనే బీరువా దగ్గరికి వెళ్లండి. మీ డబ్బా మీ కళ్లముందే తెరవమని అడగండి, ఒంపిన పొడి ముట్టుకోకండి. ఎవరైనా విసుక్కుంటే తాళంకప్ప చెప్పిందనండి.

జరిగినదంతా రాసి, సంతకం పెట్టి, ఈ పొద్దున్నే ఆ శిక్ష వేసినవాళ్లకు పంపేశాను. నామీద ఏ చర్య తీసుకున్నా సరే, ఇల్లు తెలుసు కదా, రమ్మనండి.

గడియారం ఇప్పుడు ఒక బడిలో పిల్లలకు పరుగు నేర్పుతోంది. నేను పిలిస్తే వచ్చింది, ఎందుకు పిలిచానో చెప్పలేదు. చివరి వరసలో కూర్చుంది. అమ్మా, నువ్వేం తినలేదు. ఈ మాట ఆ రోజు గేటు దగ్గరే అందరూ వినేట్టు చెప్పాల్సింది. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు.

ఇన్నేళ్లు నన్ను భరించిన మీకందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు నాకు చప్పట్లు కొట్టకండి. లేచి, వెనక్కి తిరిగి, ఆమెకు కొట్టండి.

సెలవు.