సొంత వాక్యం

చాయ్ వద్దు బానక్కా, కూసో. తెలుగు చెప్పే కెజియా మేడం అంటే నేనే. ఆ మాట నేను పుట్టించింది కాదు, ఎనిమిదో తరగతి పుస్తకంలనే ఉన్నది. 'పొడుచుకొచ్చు'. గదే నేర్పిన. అర్థం చెప్పుడు నా పనే గద?

మీ నజ్‌నీన్ వారం నుంచి బడికొస్తలేదంటే జ్వరమేమో అనుకున్న. లేదక్కా, అబద్ధం. జ్వరం కాదని నాకు మొదటి దినమే తెలుసు.

ఇంట్ల ఏం చెప్పలేదా? చెప్పదు. నేను చెప్త.

పాఠంల, గుట్ట అంచుకు బండ బయటికి పొడుచుకొచ్చిందని ఉన్నది. లోపలుండాల్సింది హద్దు దాటి బయటికి కనబడుడని చెప్పిన. పిల్లలకు ఎక్కలే. సొంత వాక్యం రాయమంటే ఒక్కరు గూడ పెన్ను ఎత్తలే. కిటికీల నుంచి చూస్తే పక్కన కడుతున్న బిల్డింగు. పిల్లర్ల మీద ఇనుప సలాకలు ఇంతింత పొడుచుకొచ్చి ఉన్నయి. అవి చూపిస్తే అయిపోతుండె.

నేను నీ బిడ్డను లేపి నిలబెట్టిన. "నజ్‌నీన్ పండ్లు బయటికి పొడుచుకొచ్చినయి" అని బోర్డు మీద రాసిన.

క్లాసంత నవ్వింది. నవ్వి, రాసుకున్నరు. దిద్దుతుంటే నలభై నోటుబుక్కులల్ల అదే వాక్యం. అన్నిటికి టిక్కు కొట్టుకుంట పోయిన. అండ్ల నీ బిడ్డది గూడ ఉన్నదక్కా. మంచి దస్తూరి. తన పేరు తనే రాసుకున్నది. దానికి గూడ టిక్కు కొట్టిన.

నోరు జారిందనుకుంటున్నవా? కాదు. అంతకు పది నిమిషాల ముందు నేను బోర్డు మీద 'అర్థం' అని రాయబోయి 'అర్ధం' అని రాసిన. నీ పిల్ల లేచి, "మేడం, గట్ల రాస్తే సగం అని అయితది" అన్నది. మర్యాదగనే అన్నది. పదిహేడేండ్ల నౌకరి నాది. ఇంట్ల ఉర్దూ మాట్లాడే పిల్ల నాకు తెలుగు దిద్దుడేందని కడుపు మండింది.

ఆదివారం చర్చిల మోకరించి క్షమించమని అడిగిన. దేవుణ్ణి అడుగుడు అల్కగనే ఉన్నది.

పిల్లకే చెప్పమంటవు. చెప్పాలె. ఆ నలభై మంది ముందట చెప్పాలె.

కని ఇయ్యాల గూడ... మీ ఇంటాయన అమీర్ అలీ అన్న బండి మీద పిల్లను గాజులరామారం దిక్కు తోలుకపోతుంటే, సందు మలుపుల నిలబడి చూసిన. వాళ్లు కనబడకుంట పోయినంకనే మీ తలుపు కొట్టిన. గంతే నా ధైర్యం.