హార్డ్ డిస్కు లెక్క

పక్కింట్లో దొంగలు పడ్డాక, తమ ఇంటికీ కెమెరాలు పెట్టిద్దామని ఆ ఆదివారం మొగుడూ పెళ్ళాం కాగితం, పెన్సిలూ ముందేసుకుని కూర్చున్నారు. ఇంటి పనిలో ఆయనకింత హుషారు ఆవిడ ఏనాడూ చూసి ఎరగదు. అందుకే ఓ కంట కనిపెడుతూనే ఉంది.

“మొత్తం ఎనిమిది కెమెరాలు,” అన్నాడాయన. “మన పాత కంప్యూటర్ సరిపోదు. దానికి పెద్ద హార్డ్ డిస్కు వేయించాలి.”

“ఎంత పెద్దది?”

“ఎదురుగా ఏదైనా కదిలితేనే రికార్డవుతుంది. ఎక్కడ ఎంతసేపు కదలిక ఉంటుందో లెక్కేస్తే సైజు అదే తేలుతుంది. రాసుకో. గేటు దగ్గర రెండు గంటలు.”

“అంత ఉంటుందంటారా?”

“ఏదో ఉజ్జాయింపుగా. మేడమెట్లు ఓ అరగంట. హాలు నాలుగో అయిదో గంటలు. వంటిల్లు పొద్దున మూడు గంటలు, మళ్ళీ మధ్యాహ్నం మూడింటికి అక్కడి పెరటి తలుపు దగ్గర పన్నెండు నిమిషాలు.”

ఆవిడ పెన్సిల్ ఆగిపోయింది.

“గేటుకేమో ఉజ్జాయింపు, వంటింటికేమో నిమిషాలతో సహానా?”

“ఊరికే అన్నాలే. అంచనా.”

“మూడింటికి మీరు ఆఫీసులో ఉంటారు కదండీ.”

“నువ్వే ఎప్పుడో చెప్పుంటావు.”

“నేనా? మీరు గడప తొక్కొద్దన్న మా చెల్లెలు పెరటి తలుపు దాకా వచ్చి, బయటే నిలబడి నాతో మాట్లాడి వెళ్తుంది. ఆ సంగతి మీకు చెప్తానా?”

ఆయన పెన్సిల్ కోసం చెయ్యి చాచాడు.

ఆవిడ కాగితం మీద ఎనిమిది కొట్టేసి, పక్కన ఏడు వేసింది.

“కొత్తవి ఏడు చాలు. ఎనిమిదోది వంటింట్లో ఎక్కడ పెట్టారో, లేచి చూపించండి.”