హాల్వార్ తాతకి ఇష్టమైన చేప

అమెరికాలోని మిన్నెసోటాలో, స్వీడన్ నుంచి వచ్చినవాళ్ళు స్థిరపడ్డ ఒక ఊరి చర్చి కింది హాల్లో ఏటా క్రిస్మస్ ముందు హాల్వార్ తాత పేరిట విందు చేస్తారు. బూడిదనీళ్ళలో నానేసి ఉడికించిన ఎండుచేపే అసలు వంటకం. ఈసారి తాత గురించి నాలుగు మాటలు చెప్పాల్సిన మనవరాలు మేనత్త పక్కన కూర్చుంది.

"అత్తా, ఈ చేపంటే తాతకి ప్రాణమట కదా. అదే చెప్తాను."

"చెప్పు. మా నాన్న స్వీడన్‌ వదిలి అమెరికా ఓడెక్కిందే దీని కంపు భరించలేక."

"మరి ప్రతి విందులో మారు మీద మారు వేయించుకునేవాడట?"

"వేయించుకోలేదే, వేశారు. ఆయన వద్దనే అన్నాడు."

"వద్దంటే ఎందుకు వేస్తారు?"

"మనవాళ్ళలో ముందు వద్దనడం మర్యాద కదే. ఆయన నిజంగానే వద్దన్నాడు. ఎవరు నమ్ముతారు?"

"బాగోలేదని చెప్పొచ్చుగా."

"వండినవాళ్ళు నొచ్చుకోరూ? 'ఫర్లేదు' అన్నాడు. మనలో అంతకన్నా పెద్ద పొగడ్త ఏముంది?"

"జీవితాంతం అలాగే తిన్నాడా?"

"పోయేదాకా తిన్నాడు. ఇప్పుడు ఆయన పేరు చెప్పి మనకి పెడుతున్నారు."

"అయితే ఇవాళ అందరి ముందూ నిజం చెప్పేస్తాను."

అంతలో పాస్టరుగారి భార్య పెద్ద పళ్ళెంతో వచ్చింది.

"ఇంకాస్త వెయ్యనా తల్లీ?"

"వద్దండీ. నిజంగా వద్దు."

"అచ్చం తాత పోలికే," అని మురిసిపోతూ ఆవిడ రెండు ముక్కలు వేసింది. "ఎలా ఉందమ్మా?"

మనవరాలు అత్త వైపు చూసింది. అత్త తన కంచంలోకి చూసుకుంటోంది.

"ఫర్లేదండీ."