డాక్టరుగారి మైనరు, దొర్నిపాడు గొడ్లు

ఈ రిటైర్మెంటు సభకు అధ్యక్షత వహిస్తున్న సుందరరాజు గారికి, దండల బరువుకు మెడ వంచుకుని కూర్చున్న మా పశువుల డాక్టర్ ఫ్రాన్సిస్ గారికి, ఆ దండలు ఒక్కొక్కటే తీసి ఒళ్లో పెట్టుకుంటున్న శ్రీమతి అనిత గారికి, ఆళ్లగడ్డ పెద్దలకు, నంద్యాల నుంచి షెడ్డు మూసుకుని వచ్చిన మెకానిక్ రియాజ్‌కు, పొద్దున్నే పాలు పితికి చేతులు కడుక్కుని ట్రాక్టర్లెక్కి వచ్చిన మా దొర్నిపాడు రైతులకు, మీకందరికీ నమస్కారం.

నా పేరు కమలాక్షమ్మ. దొర్నిపాడు బడిలో తెలుగు చెప్పి రిటైరై, ఇప్పుడు ఊరి పాల సంఘానికి అధ్యక్షురాలిగా ఉన్నాను. రెండు ముక్కల్లో ముగించమని సుందరరాజు గారు ఇందాక నా చెవిలో చెప్పారు. సార్, తెలుగు టీచరు చేతికి మైకిచ్చి రెండు ముక్కలనడం, ఎండలో వచ్చిన ఎనుముకు, అదే గేదెకు, కాలువ చూపించి కాళ్లు మాత్రమే తడుపుకోమన్నట్టుంది. (నవ్వులు)

ముందుగా ఒక క్షమాపణ. మా సంఘం తరఫున డాక్టరుగారికి జ్ఞాపికగా ఆయన కారునే రాతిలో చెక్కించాము. ఆళ్లగడ్డ శిల్పులకు దేవుళ్లను చెక్కడం అలవాటు కదా, ఈ కారును కూడా అదే భక్తితో, గుళ్లో ప్రతిష్ఠించేంత గట్టిగా చెక్కారు. దాన్ని తెచ్చి పెట్టగానే వేదిక మీది బల్ల ఏమైందో మీరంతా చూశారు. సుందరరాజు గారు సమయానికి కాళ్లు వెనక్కి తీసుకున్నారు, వారికి మా సంఘం రుణపడి ఉంటుంది. ఆ రాతి కారును అసలు కారులోకి ఎక్కిస్తే అసలు కారు ఇక్కడే కూర్చుండిపోతుందని రియాజ్ అంటున్నాడు. అందుకని దాన్ని మా ఆఫీసు ముందరే పెట్టుకుంటాము. డాక్టరుగారు వచ్చి చూసుకోవచ్చు.

ఈ మండపం గేటు దగ్గర తాబేలు మాదిరి గుండ్రంగా, ఒకప్పుడు ఆకుపచ్చగా ఉండిన కారు ఒకటి నిలబడి ఉంది. అది ఇంగ్లండువాళ్ల మారిస్ మైనర్. వయసులో డాక్టరుగారికి అన్న. డోన్‌లో రైల్వే పని చేసిన వాళ్ల నాయన దాన్ని కొన్నారట. ఇన్నేళ్ల సర్వీసులో డాక్టరుగారు గొడ్ల దగ్గరికి అందులోనే తిరిగారు. ఎందుకు సార్, అందరి మాదిరి బైకు తీసుకోవచ్చు కదా అని నేను ఒకసారి అడిగితే, చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "నాకు సైకిలే రాదు టీచరమ్మా" అన్నారు. ఇంతకాలం దాచాను. ఇవాళ ఆయన మా మీద కోపగించుకుని చేసేదేమీ లేదు కాబట్టి చెప్పేశాను.

మా ఊళ్లో ఆ కారు పేరు పలకలేక మైనరన్నారు. మన వైపు మైనరంటే ఎవరో మీకు తెలుసు, సిల్కు లాల్చీ వేసుకుని, సెంటు పూసుకుని, ఊరి మీద పడి తిరిగేవాడు. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే ఈ పెద్దమనిషిని పట్టుకుని మా ఊరి ఆడవాళ్లు, "సారూ, మైనరును ఎప్పుడు తీసుకొస్తారు? మా ఎనుము ఎదురుచూస్తాండాది" అని నడివీధిలో అడిగేవారు. ఆయన నేల చూపులు చూసుకుంటూ, "రేప్పొద్దున తెస్తానమ్మా" అనేవారు. (నవ్వులు)

రోజూ దాన్ని కదిలించడమే ఒక సంసారం. వానాకాలం తెల్లారి లేచి ప్లగ్గులు విప్పి ఆరబెట్టాలి. ఎక్కడ ఆరబెడతారు? అనిత గారి దోసె పెనం మీద. అనితమ్మా, తలూపుతున్నారు కాబట్టి నేను అబద్ధం చెప్పడం లేదని సభకు తెలిసింది. ఆ ఇంట్లో ముందు ప్లగ్గులు కాలిన తరువాతనే దోసె కాలేది. తరువాత ముందు వైపు హ్యాండిల్ దూర్చి తిప్పాలి. అది ఒక్కోసారి ఎదురు తిప్పి కొట్టేది, అందుకని పశువుల డాక్టరుకు వారంలో ఒకరోజు మనుషుల డాక్టరు దగ్గర పని పడేది. రేడియేటరు కారితే గుప్పెడు పసుపు పోయాలి, అప్పటికి చిల్లులు పూడిపోతాయి. కానీ అది వేడెక్కిందంటే పసుపు ఆవిరి లేచి, ముందు పెళ్లివారిల్లు నడిచొస్తున్నట్టు వాసన, దాని వెనక కారు. ఆదివారం చర్చి అయ్యాక నంద్యాలకు పోయి రియాజ్ షెడ్డులో సాయంత్రం దాకా కూర్చునేవారు. అసలు హారను ఎప్పుడో గొంతు పోతే రియాజ్ దానికి లారీ హారను బిగించాడు. ఎందుకయ్యా ఇంత పెద్దదని అడిగితే, "బండి పాతది మేడమ్, గౌరవంగా పలకాల గదా" అన్నాడు.

ఆ గౌరవమే మా కొంప ముంచింది.

ఒక ఏడాది గాలికుంటు రోగానికి ఊరందరి గొడ్లకూ టీకాలు వేయాల్సి వచ్చింది. డాక్టరుగారు హారను కొట్టుకుంటూ వచ్చి, ఒక్క గొడ్డును వదలకుండా సూది పొడిచి వెళ్లారు. మళ్లీ వచ్చినప్పుడు కాలువ అవతల హారను మోగిందో లేదో, దొర్నిపాడు ఎనుములు, ఎద్దులు, చివరికి కట్టేసిన దూడలు పలుపులు తెంచుకుని శనగ చేలకు అడ్డం పడి పోయాయి. డాక్టరుగారు ఊళ్లోకి వచ్చేసరికి వైద్యానికి మనుషులం మాత్రమే మిగిలాము. (నవ్వులు)

పంచాయతీ పెట్టుకున్నాము. హారను కొట్టకుండా వచ్చారు, ఇంజను చప్పుడు గుర్తుపట్టాయి. రియాజ్ కష్టపడి చప్పుడు తగ్గించాడు, పసుపు వాసన గుర్తుపట్టాయి. "సారూ, చప్పుడు నా పని. వాసన అమ్మగారి పోపులపెట్టెలోది" అని రియాజ్ చేతులెత్తేశాడు. అప్పుడు డాక్టరుగారు కారు కాలువ దగ్గర ఆపి నడిచొస్తానన్నారు. న్యాయమైన మాట. మా సుబ్బయ్య లేచాడు. సుబ్బయ్యా, నిలబడక్కర్లేదు, కూర్చో. అప్పుడు మాత్రం లేచి, "సారు నడిచొస్తే ఊరి పరువేం కావాల? దొర్నిపాడుకు డాక్టరు కాళ్లీడ్చుకుంటా పోతాండాడని పక్కూరోళ్లు అనరా? సారు కారులోనే రావల్ల" అన్నాడు. ఊరంతా అవునంది. సిగ్గుతో చెబుతున్నాను, నేనూ అవునన్నాను.

అట్లా మొదలైంది. కాలువ గట్టున ఇంజను ఆపి, చల్లారేదాకా తువ్వాలుతో విసిరి, వాసన పోయాక, చెప్పులు విప్పిన మగవాళ్లు కారును వెనక నుంచి నెట్టేవారు. దగ్గు వచ్చినా నోట్లో గుడ్డ కుక్కుకునేవారు. లోపల డాక్టరుగారు స్టీరింగు పట్టుకుని పెళ్లికొడుకు మాదిరి బిగుసుకుని కూర్చునేవారు. ఒకసారి గడివేముల నుంచి వచ్చిన ఎరువుల ఏజెంటు ఎవరో ఈ ఊరేగింపును చూసి, తలపాగా తీసి చంకలో పెట్టుకుని, శ్మశానం దాకా పోదామని వెనకే వచ్చాడు. పశువుల కొట్టం దగ్గర ఆగేసరికి ఆయనకేమీ అర్థం కాలేదు. మజ్జిగిచ్చి పంపించాము.

ఇంతసేపూ నవ్వించాను. ఇప్పుడు చెప్పేది కూడా నవ్వులాటే, కానీ ఆ రోజు నాకు నవ్వు రాలేదు.

కొన్నేళ్ల కింద, ఎండలు మండుతున్న వైశాఖంలో, మిట్టమధ్యాహ్నం మా సింగారికి నొప్పులు మొదలయ్యాయి. సింగారి మా ఎనుము. మా ఆయన చనిపోయిన ఏడాది దూడగా ఇంటికి వచ్చింది. ఆ ఇంట్లో నేను మాట్లాడితే తల తిప్పి వినే ప్రాణి అదొక్కటే. దూడ అడ్డం తిరిగింది. ఒక కాలు బయటికి వచ్చింది, అంతే. సింగారి పడుకుండిపోయి, నా వైపు చూడటం కూడా మానేసింది. డాక్టరుగారికి ఫోను చేసి, "సార్, సింగారి..." అన్నాను. ఆ తరువాత మాట రాలేదు. "వస్తాండా" అని ఆయన పెట్టేశారు.

మైనరు ఊరికి ఇవతల, సుబ్బయ్య చేను పక్కన ఆగిపోయింది. హ్యాండిల్ తిప్పారు, పసుపు పోశారు, లేవలేదు. నెట్టడానికి మగవాళ్లు లేరు, ఊరంతా ఆళ్లగడ్డలో పెళ్లికి పోయింది. దుక్కి దున్నుతున్న సుబ్బయ్య ఎద్దులను విప్పుకొచ్చి, కాడికి మోకు కట్టి, ఆ మోకును కారు ముందరి ఇనుముకు బిగించాడు. ఎద్దులు బయల్దేరాయి. ఎద్దుల నడక మీకు తెలుసు కదా. ఈలోపల ఆగలేక నేను మళ్లీ ఫోను చేశాను. పక్క సీట్లో మోగుతున్న ఫోను కోసం డాక్టరుగారు వంగితే మోచెయ్యి హారనుకు తగిలింది. తగిలి ఊరుకుందా, ఇరుక్కుపోయి ఆగకుండా మోగింది.

మహానంది నుంచి సూర్యనంది దాకా తొమ్మిది నందులు కదలకుండా కూర్చున్న సీమ మనది. ఆ రోజు రెండు నందులు లేచి పరుగెత్తాయి. అవి కూడా టీకాలు వేయించుకున్నవే మరి. హారను తప్పించుకోవాలని అవి పరుగెత్తే కొద్దీ హారను వాటి వెనకే వస్తోంది. సుబ్బయ్య చేతిలో ముల్లుగర్ర మిగిలింది. ఇంగ్లండులో పుట్టిన నాటి నుంచి ఆ కారు అంత వేగం ఎరిగి ఉండదు. ఊరిలోని గొడ్లన్నీ పలుపులు తెంచుకుని అటు పారిపోతుంటే, ఇటు నుంచి ఎద్దులు, వాటి వెనక మోగుతున్న మైనరు. ఆ రోజు దొర్నిపాడులో పరుగెత్తలేనిది మా సింగారి ఒక్కటే.

సుబ్బయ్య కొట్టం మా ఇంటికి ఎదురుగా ఉంది. ఎద్దులు అలవాటు ప్రకారం తమ ఇంటికే వచ్చాయి. మూల తిరగగానే మోకు తెగింది, కారు పోయి గడ్డివామిలో దూరింది. హారను ఆగింది. వామిలోంచి ఒక తలుపు తెరుచుకుంది. తల నిండా గడ్డితో, చేతిలో సంచితో ఈయన బయటికి వచ్చి, "యాడ ఎనుము?" అన్నారు.

చొక్కా విప్పి, భుజం దాకా సబ్బు రాసుకుని, నేల మీద పడుకుని, చెయ్యి లోపలికి పోనిచ్చి దూడను తిప్పారు. ఆ కష్టం నేను చెప్పలేను, చూసినదాన్ని. పెయ్యదూడ పుట్టింది. సింగారి తల ఎత్తి దాన్ని నాకింది. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది.

చేతుల మీద నీళ్లు పోస్తూ అడిగాను, "బ్రేకు ఉంది కదా సార్, తొక్కకపోయినారా?" అని.

"కాలు పెట్టినా టీచరమ్మా. ఫోన్లో మీరు మాట్లాడలేక ఆగిపోయినారు గదా, అది గుర్తొచ్చింది. కాలు తీసేసినా."



నీళ్లు తాగుతాను, ఆగండి.

నిన్న సాయంత్రం సంగతి ఒకటి చెప్పి కూర్చుంటాను. రిటైరై డోన్‌కు పోయే ప్రయాణానికని మైనరు రియాజ్ దగ్గర ఉంది. డాక్టరుగారు బస్సు దిగి, ఊరి పరువు సంగతి మరిచిపోయి, మా ఇంటికి నడిచే వచ్చారు. హారను లేదు, చప్పుడు లేదు, పసుపు వాసన లేదు. నేను పలకరించే లోపలే నేరుగా కొట్టంలోకి పోయి నిలబడ్డారు. సింగారి ఇప్పుడు ముసలిది. ఎవరో కొత్త మనిషి అనుకుంది కాబోలు, మెడ చాచి ఆయన అరచెయ్యి నాకింది. ఆయన కదల్లేదు. అది మణికట్టు దాకా, మోచెయ్యి దాకా తీరిగ్గా నాకుతూనే ఉంది.

"టీచరమ్మా," అన్నారు చాలాసేపటికి, నా వైపు తిరగకుండానే, "ఇన్నేండ్ల సర్వీసులో ఒక్క గొడ్డు కూడా నా కాడికి రాలేదు. ఇదే మొదులు."

కాఫీ పెడతానని లోపలికి పోయాను. పాలు కాగినాయి, పొంగినాయి, మళ్లీ పోసి పెట్టాను. ఆయన రెండో చెయ్యి కూడా ఇచ్చేదాకా నేను కొట్టంలోకి రాలేదు.

ఓపికగా విన్న సభకు, రెండు ముక్కల మాట తప్పినా మైకు లాక్కోని సుందరరాజు గారికి, దోసె పెనం త్యాగం చేసిన అనితమ్మకు కృతజ్ఞతలు. డాక్టరుగారూ, మీకు కృతజ్ఞత చెప్పే పని నిన్న సింగారి చేసేసింది, అంతకంటే బాగా నాకు చేతకాదు. మీ అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నాను.